హారతి మీద చెప్పిన మైలేజీ

అడవి నడుమ కొండ మీద యోగపట్టంతో కూర్చుని, పద్దెనిమిది మెట్లు ఎక్కి వచ్చిన ప్రతివాడి తలమీది మూటనూ దింపించే స్వామికి ముందుగా నమస్కారం. చలినీ ఆకలినీ నేల పడకనూ మాకు గురువులుగా పంపినందుకు స్తోత్రం. నిజం చెప్పడానికి నాలుకనూ, అది తప్పినప్పుడు కాల్చడానికి మనస్సాక్షినీ ఒకే దేహంలో పెట్టినందుకు స్తోత్రం. ఆయన ఇచ్చినదాన్ని ఇంకొకదాని పేరున చెప్పినవాణ్ణి నేను. అయినా తన పేరు పలకడానికి నన్ను ఇంకా బతకనిస్తున్నాడు. అందుకు మరీ మరీ స్తోత్రం.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. అబిడ్స్‌లో, బషీర్‌బాగ్‌లో పాత బిల్డింగులకు ఉన్న లిఫ్టులలో చాలావాటి మోటారు చప్పుడు విని రోగం చెప్పగలను. మా తాతగారు గుంటూరు జిల్లా మనిషి. యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసు ఫైళ్ళతో పాటు ఇక్కడికి వచ్చి, నాంపల్లిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. మేం ఆ పేట దాటి వెళ్ళలేదు. సామాన్లు వేసుకుని తిరగడానికి నాకొక చిన్న పెట్రోలు కారు ఉంది. ఈ కథకు కావలసిన నా ఆస్తి అంతే.

నా అసలు బతుకు మాత్రం నాంపల్లి స్టేషన్ వెనక సందులో, ఒక దుకాణం మీద ఉన్న హాల్లో జరుగుతుంది. ఏటా కార్తీకంలో అక్కడే మాల వేసుకుంటాం. నలభై ఒక్క రోజులు నల్లబట్ట, రెండు పూటలా చన్నీళ్ళ స్నానం, ఒక పూట భిక్ష, నేల మీద పడక, కాళ్ళకు చెప్పులు లేకపోవడం. ఎదురుపడిన ప్రతివాడూ స్వామే. ఇరవై రెండేళ్ళు అలా గడిపాను. అందులో పదకొండేళ్ళు సాయంత్రం పూజయ్యాక పురాణం చెప్పే పీట నాది. చదువు గొప్పదని కాదు. మా నాన్నగారు నాకు చిన్నప్పటి నుంచి శ్లోకం విడగొట్టి చెప్పడం నేర్పారు. అది ఆ పీట మీద పనికొచ్చింది.

మా గుంపులో ఒక ఆచారం ఉంది. పద్దెనిమిది మెట్లు పేర్చి చేసే పడిపూజ అయ్యాక ఎవరికైనా స్వామి దయ కనబడితే వాళ్ళు లేచి హారతి మీద రెండు అరచేతులూ ఉంచి, కళ్ళకద్దుకుని, ఆ సంగతి అందరికీ చెప్పాలి. దాన్ని అనుభవం అంటాం. హారతి మీద చెప్పిన మాటను ఎవరూ ప్రశ్నించరు. బిడ్డ జ్వరం తగ్గిందన్నా, ఆగిన పెన్షను వచ్చిందన్నా, అందరం శరణు చెప్పి ఊరుకుంటాం. అబద్ధం చెబితే ఆ సంగతి స్వామి చూసుకుంటాడు.

మాకు మాల వేసే గురుస్వామి పాత హైదరాబాదు మనిషి. ఆయనకు సుల్తాన్ బజార్‌లో గిన్నెలు, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఆ కొండకు లెక్కలేనన్ని సార్లు వెళ్ళినవాడు. గొంతెత్తి శరణు పిలిస్తే కింద సందులో ఆటోలు ఆగేవి. నేను ఆయన పాదాలు మొక్కినట్టు మా నాన్నగారి పాదాలు కూడా మొక్కలేదు.

పోయిన కార్తీకానికి ముందు కార్తీకంలో, మాల వేసిన రెండో రోజు, భిక్ష అయ్యాక ఆయన సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. స్టీరింగు కింద, మెకానిక్కులు కంప్యూటరు తగిలించే చోట దీన్ని గుచ్చాలట. నీలం దీపం మెరుస్తుందట. అప్పటి నుంచి కారు తక్కువ పెట్రోలు తాగుతుందట. దాని ఏజెన్సీ ఆయన కొత్తగా తీసుకున్నాడు.

నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను.

"ఏంది స్వామీ, గట్ల జూస్తున్నవ్? పాము గాదు, కర్వదు."

"ఏం చేస్తుంది స్వామీ ఇది?"

"నీ తోలుడు ఎట్లుందో నేర్సుకుంటది. ఇంజను ఎంత తాగాల్నో గంతే తాగనిస్తది."

"ఇప్పుడు ఎంత తాగాలో అంతేగా తాగుతోంది."

"మీ గుంటూరోళ్ళకు ప్రతిదాంట్ల ఓ మెలిక" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"మెలిక కాదు స్వామీ. ముప్పై ఏళ్ళ నుంచి లిఫ్టులు చూస్తున్నాను. వెనక బరువు ఒకటి దిగకుండా ముందు పెట్టె పైకి ఎక్కదు. ఊరికే ఏదీ రాదు. నిజంగా ఇంత చిన్న డబ్బాతో అయ్యే పనైతే కారు తయారుచేసినవాడే లోపల పెట్టి, ఆ పేరు చెప్పి అమ్ముకునేవాడు."

"దేవున్ని జూసినవా? నమ్ముతున్నవ్ గదా. దీన్ని నమ్మనీకి ఏం రోగం?"

"దేవుడు మైలేజీ ఇస్తానని ఎప్పుడూ చెప్పలేదు స్వామీ."

ఈసారి నవ్వు నా వైపు వచ్చింది. అక్కడితో ఊరుకుని ఉంటే నాకు ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదు. గురుస్వామి మాత్రం నవ్వలేదు. డబ్బాను నా చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"నువ్వే పెట్టుకో. మండలం దినాలు తోలి సూడు. లెక్క రాయి. రాకుంటే నా మొకాన కొట్టు. వస్తే మాత్రం హారతి మీద జెప్పాలె."

ఒప్పుకున్నాను. మా వాళ్ళలో ఏది పరీక్షించాలన్నా కొలత మండలమే. కషాయమైనా, జపమైనా, కోపం మానుకోవడమైనా, నలభై ఒక్క రోజులు. ఎక్కువ తక్కువలు ఉండవు. అందుకే ఆ మాటలో ఉన్న తప్పు అక్కడున్న ఇరవై మందిలో ఒక్కరికీ తట్టలేదు. అందరి కంటే తెలివైనవాణ్ణనుకునే నాకూ తట్టలేదు. లోపల గర్వం కూడా ఉంది, దాచను. పీట మీద కూర్చునేవాడే పరీక్ష కూడా చేస్తాడు, గుడ్డిగా నమ్మడు అని పదిమందీ అనుకోవాలని ఉండింది.

పరీక్ష సక్రమంగానే చేశాను. ఒకే బంకు, ఒకే గొట్టం. ట్యాంకు అంచు దాకా నింపించడం, తిరిగిన కిలోమీటర్లు రాసుకోవడం, మళ్ళీ అంచు దాకా నింపించడం. మాల వేయకముందు నెలల్లో నా కారు ఊళ్ళో లీటరుకు పదమూడు ఇచ్చేది. డబ్బా పెట్టాక రెండో ట్యాంకుకు పదిహేను దాటింది. మండలం చివరకు పదహారు. తప్పు చేశానేమో అని నోటుపుస్తకంలో అంకెలు మూడుసార్లు కూడి చూశాను. పదహారే.

యాత్రకు ముందు చివరి పడిపూజలో లేచాను. మెట్ల మీద కర్పూరం వెలుగుతోంది. హారతి మీద చేతులుంచి, కళ్ళకద్దుకుని చెప్పాను. నేను నమ్మలేదనీ, పరీక్షించాననీ, లీటరుకు మూడు కిలోమీటర్లు ఎక్కువ వచ్చిందనీ, నా అనుమానాన్ని స్వామి ఇలా పోగొట్టాడనీ చెప్పాను. చివరి మాట ఎవరూ చెప్పమనలేదు. పీట అలవాటు. ఏది చెప్పినా చివర స్వామిని తేవాలి కదా.

ఎవరో ఫోనులో వీడియో తీశారు. నల్లబట్ట, నుదుట విభూతి, మెడలో మాల, వెనక మండుతున్న మెట్లు, నా గొంతు. మర్నాటికి అది ఎన్ని గ్రూపులకు వెళ్ళిందో నాకు తెలియదు. గురుస్వామి దుకాణంలో గిన్నెల పక్కన డబ్బాలకు ఒక అర కేటాయించారు.

మా గుంపులో సొంత కారును క్యాబ్‌గా తిప్పుకునే ఒకతను ఉన్నాడు. ఆ ఏడే మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వామి. నాంపల్లిలోనే పుట్టినవాడు. నా పురాణం రోజూ ముందు వరుసలో కూర్చుని వినేవాడు. హారతి అయ్యాక, హాల్లోంచి కిందికి దిగే మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

"పెద్దస్వామీ, నిజంగనే ఇస్తదా?"

"నా పుస్తకంలో రాసి ఉంది. కావాలంటే చూడు."

"పుస్తకమెందుకు. మీరు జెప్పిన్రు గదా." ఒక మెట్టు దిగి మళ్ళీ తిరిగాడు. "బషీర్‌బాగ్‌ల ఓ ఆఫీసోళ్ళు స్టాఫును తెచ్చుడు, దించుడు ఏడాదికి మాట్లాడుతున్నరు. నెలకింత అని ఒక్కటే రేటు. ఇప్పుడిచ్చే మైలేజీకి గిట్టదు. మూడు పెరిగితే గిట్టుతది."

"పెరిగింది మరి" అన్నాను.

అతను డబ్బా కొని, ఆ ఆఫీసువాళ్ళ రేటుకు ఒప్పుకుని సంతకం పెట్టాడు. నా ఒక్క మాట మీద.

కొండకు వెళ్ళి వచ్చాం. మాలలు తీశాం. నేను చెప్పులు వేసుకున్నాను, టీ తాగాను, పని వెంట పరుగెత్తాను. ఆ తరువాతి ట్యాంకు పద్నాలుగు ఇచ్చింది. ఆ పైది పదమూడు. నీలం దీపం మాత్రం ఎప్పటిలా మెరుస్తూనే ఉంది. టైర్లలో గాలి చూపించాను. ప్లగ్గులు మార్పించాను. బంకువాడు మోసం చేస్తున్నాడేమో అని బంకు మార్చాను. డబ్బా పోయిందేమో అని గురుస్వామి దగ్గర ఇంకొకటి తెచ్చుకున్నాను. పదమూడే.

సంగతి నా భార్య వల్ల తెలిసింది. ఒక ఆదివారం ఆమెతో అబిడ్స్ వెళ్ళాను. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటే జనం రోడ్డు మీదికి వచ్చేస్తారు. పోస్టాఫీసు దగ్గర ఒక ఆటో అడ్డం వచ్చింది. హారన్ మీద చెయ్యి తీయకుండా వాణ్ణి నానా మాటలూ అన్నాను. సందు దొరకగానే కారును ఎగిరి దూకించాను. ఇరవై గజాలు పోయి మళ్ళీ బ్రేకు.

ఆమె డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చుంది.

"ఏమండీ, మాలలో ఉన్నప్పుడు మీరు ఇలా తోలేవారు కాదు."

"అప్పుడు ఇంత రద్దీ ఎక్కడుంది?"

"ఎందుకుండదు? అప్పుడు తెల్లారకుండానే వెళ్ళిపోయేవారు. ఏసీ పెట్టేవారు కాదు. ఎవడు అడ్డొచ్చినా స్వామీ, స్వామీ అని ఆగేవారు. ఆ కాలికి అప్పుడు చెప్పుండేది కాదు. ఇప్పుడు ఆ పెడలును తొక్కుతున్నారా, చంపుతున్నారా?"

కారును పక్కకు తీసి ఆపాను. ఆమె ఏం కొనాలో అది కొనడానికి ఒక్కతే దిగి వెళ్ళింది.

ఉత్త కాలికి పెడలు తెలుస్తుంది. ఎంత నొక్కుతున్నావో అరికాలు చెబుతుంది. చెప్పు మందం కింద ఆ కబురు అందదు. స్వామి అని పిలిచినవాడితో పందెం వేయలేం. పందెం లేనివాడు సిగ్నలు దాకా దొర్లుకుంటూ వెళతాడు. తెల్లవారుజామున నాంపల్లి నుంచి బషీర్‌బాగ్ దాకా ఎక్కడా ఆగే పని లేదు. ఇంత సంగతి కనబడటానికి నాకు మూడు నెలలు పట్టింది. నియమం మనిషి నిద్రను, ఆకలిని, నోటిని మారుస్తుందని పదకొండేళ్ళు పీట మీద చెప్పాను. కాలిని కూడా మారుస్తుందని నాకే తెలియలేదు.

రుజువు లేకుండా నోరెత్తకూడదని మళ్ళీ పరీక్షించాను. డబ్బా పీకి ఇంట్లో పెట్టాను. మాల లేకుండానే, మాలలో ఉన్నట్టు నడిపాను. తెల్లారకముందే బయలుదేరడం, ఉత్త కాళ్ళు, ఏసీ బంద్, ఎవణ్ణీ తిట్టకపోవడం. మూడు ట్యాంకులు. పదిహేనున్నర తగ్గలేదు. మళ్ళీ డబ్బా పెట్టి, చెప్పులు వేసుకుని, ఎప్పటిలా తోలాను. పదమూడు.

స్వామి పెట్టిన నియమం ఇచ్చిందాన్ని నేను ప్లాస్టిక్ డబ్బా ఇచ్చిందని స్వామి ముందే చెప్పాను. దీన్ని ఏ పాపం కింద రాస్తారో పెద్దలెవరైనా చెప్పాలి. నాకు తెలిసిన పట్టీలో ఇది లేదు.

నోటుపుస్తకం తీసుకుని సుల్తాన్ బజార్ వెళ్ళాను. గురుస్వామి స్టూలు వేయించాడు. టీ తెప్పించాడు. పుస్తకం ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నీ కాలు బరువైతే డబ్బా ఏం జేస్తది?"

"కాలు తేలికైతే డబ్బా ఎందుకు స్వామీ?"

ఆయన గిరాకీ వస్తే ఒక పళ్ళెం చూపించి పంపి, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"ఇప్పుడేమంటవ్?"

"హారతి మీద చెప్పింది తప్పని హారతి మీదే చెప్పాలి. మీరు ఆ వీడియో పంపడం ఆపాలి."

"హారతి మీది మాట వాపస్ తీస్కుంటరా ఎవరన్న? రేపు ఇంకోడొచ్చి నా బిడ్డ జరం దేవుడు దగ్గించలె, గోలీ దగ్గించిందంటడు. అప్పుడు మన గుంపు ఏంగావాలె?" గొంతు తగ్గించాడు. "నేను జెప్పమన్ననా? మూడు పెరిగిందని నువ్వే జెప్పినవ్. స్వామి దయ అని గూడ నువ్వే అన్నవ్. నేను గా మాట అన్లే. నా నోట్లె ఎన్నడన్న ఇన్నవా?"

వినలేదు. ఆయన తెలివైనవాడు. డబ్బా గురించి చెప్పాడే కానీ, స్వామిని ఆ సంచిలో వేయలేదు. వేసింది నేను. ఆ టీ సగం తాగి లేచాను. ఆయన నన్ను మోసం చేశాడని ఇవాళ్టికీ గట్టిగా అనలేను. ఆ డబ్బాను ఆయన నిజంగానే నమ్మి అమ్మాడేమో. అది తేలితే నా కోపమన్నా ఒక ఒడ్డుకు చేరేది.

క్యాబ్ నడిపే అతను ఫోను ఎత్తడం మానేశాడు. వేసవి చివర్లో అబిడ్స్‌లో ఒక బిల్డింగు ముందు కనబడ్డాడు. నేను లిఫ్టు పనికి వెళ్ళాను, అతను ఎవరినో దించడానికి వచ్చాడు. కారు అతనిది కాదు.

"ఇదెవరిది?"

"కిరాయిది, సార్."

అంతవరకు నన్ను సార్ అని పిలవలేదు.

ఒప్పుకున్న రేటుకు పెట్రోలు చాలలేదట. ఏడాది మాట కాబట్టి మధ్యలో వదలడానికి లేదట. చేతి నుంచి పెట్టుకుంటూ కొన్ని నెలలు తిప్పాడు. తరువాత కారు అప్పు కంతులు ఆగాయి, ఫైనాన్సువాళ్ళు కారు తీసుకుపోయారు.

"నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"ఏమని జెప్పాలె సార్? మీకు పదారిచ్చింది. నాకియ్యలె. మాలల నేనే ఏదో తప్పు జేసినననుకున్న. కన్నెస్వామిని గదా, నియమం ఏడనో చెడగొట్టుకున్ననేమో అని."

కారు పోగొట్టుకున్నవాడు, పోగొట్టినవాడి ఎదుట నిలబడి తన భక్తిలో లోపం వెతుక్కుంటున్నాడు.

"నీ తప్పేం లేదు. నేను చెప్పింది తప్పు. ఆ డబ్బాతో ఏమీ రాదు" అన్నాను.

"ఔ" అన్నాడు, నా మొహం చూడకుండా. "గది నాకు ఒక్కనికే జెప్తున్రు. గప్పుడు అందరికి జెప్పిన్రు."

వెనక ఎవరో హారన్ కొట్టారు. అతను కారు తీసుకుని వెళ్ళిపోయాడు.

అందరికీ చెప్పి తీరాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. కార్తీకం వచ్చింది. గురుస్వామి తన చేతులతోనే నాకు మాల వేశాడు. మొహంలో ఏమీ లేదు. మొదటి పడిపూజకు హాలు నిండింది. కొత్తగా మాల వేసుకున్నవాళ్ళలో నలుగురైదుగురు నా వీడియో చూసి నన్ను గుర్తుపట్టారు. ఒకతను వచ్చి, ఆ డబ్బా డీజిలుకు కూడా పనికొస్తుందా స్వామీ అని అడిగాడు.

అనుభవాల వేళ లేచాను. హారతి మీద చేతులుంచాను. వేడి తగిలింది. కళ్ళకద్దుకున్నాను.

"స్వాములారా, పోయినేడు ఇదే హారతి మీద నేనొక మాట చెప్పాను. ఆ మాట తప్పు. నా కారుకు మైలేజీ పెరగడానికి కారణం..."

"స్వామియే" అని గురుస్వామి గొంతెత్తాడు.

"శరణమయ్యప్ప" అంది హాలంతా.

హాలుతో పాటు నేనూ అన్నాను. గురుస్వామి పిలిస్తే పలకకుండా ఉండటం మా ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళ నోరు అది, నన్ను అడగలేదు. మళ్ళీ మొదలుపెట్టబోయాను. ఆయన మళ్ళీ పిలిచాడు. ఇంకో నామం, ఇంకో నామం, ఊపిరి తీసే సందు కూడా ఇవ్వకుండా నూట ఎనిమిదీ పిలిచాడు. ఆయన గొంతు అంత బాగుండటం నేను ఎప్పుడూ వినలేదు. జనం ఊగిపోయారు. కొందరు ఏడ్చారు. నేను హారతి పళ్ళెం ముందు నిలబడి, నా మాటను పూడ్చే ప్రతి పిలుపుకూ నా నోటితోనే జవాబిచ్చాను. శరణు ఘోష అయ్యేసరికి కర్పూరం అయిపోయింది. ప్రసాదం పంచారు. డీజిలు స్వామి నా చేతిలో అరటిపండు పెట్టి, మంచి అనుభవం స్వామీ అన్నాడు.

మర్నాడు సాయంత్రం పీట మీద వేరే స్వామి ఉన్నాడు. "ఈ ఏడు నువ్వు జర ఆరాం తీస్కో" అన్నాడు గురుస్వామి, భుజం తట్టి. వెనక వరుసలో కూర్చున్నాను. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను. మానేయమని ఇంట్లో అంటున్నారు. స్వామి ఆ హాల్లో ఉన్నంత కాలం నేను ఎక్కడికి పోను?

అక్కడ చెప్పనివ్వని వాక్యం ఇక్కడ పూర్తి చేస్తున్నాను. నా కారుకు మైలేజీ పెరగడానికి కారణం ఆ డబ్బా కాదు. నా ఉత్త కాలు, నా మూసిన నోరు, తెల్లవారుజాము రోడ్డు, స్వామి పెట్టిన నియమం. నల్లబట్టలో విభూతి పెట్టుకుని డబ్బాను పొగిడే నా బొమ్మ మీ ఫోనుకు ఎప్పుడైనా వస్తే, దాన్ని నమ్మకండి. పంపినవారికి ఈ మాట పంపండి.

ఇది చదివినవారు ఒక్క నిమిషం నాతో పాటు చేతులు జోడించండి. స్వామీ, నా మాట నమ్మి బతుకుతెరువు పోగొట్టుకున్నవాడికి అది తిరిగి ఇవ్వు. తన భక్తిలోనే లోపం ఉందన్న అనుమానం అతని మనసులోంచి తీసెయ్యి. నీ పేరు ఎక్కడ పలకాలో, ఎక్కడ పలకకూడదో నా నాలుకకు నేర్పు. గురుస్వామి కోసం కూడా ప్రార్థించాలని తెలుసు. ఆయన పేరు రాగానే నా చేతులు విడిపోతున్నాయి. ఆ ఒక్క ప్రార్థన నా బదులు మీరు చేయండి.